రెండు నీళ్ళలో ఒకే చేప: వేట ఒక జాతిలోని తేడాలను, పోటీని ఎలా మారుస్తుందో గప్పీలతో చూసే సమగ్ర మార్గదర్శి

దోమలు తగ్గాలని మున్సిపాలిటీ వాళ్ళు బావుల్లో, కుంటల్లో వదిలే చిన్న చేపలన్నిటినీ మనం గంబూసియా అనేస్తాం. ఈసారి కాస్త వంగి చూడండి. మగచేపలు కూడా బూడిద రంగులోనే ఉంటే అవి గంబూసియా. మగచేపల ఒంటి మీద నారింజ చుక్క, నల్ల మచ్చ, నీలం మెరుపు కనిపిస్తే అవి గప్పీలు. గంబూసియా తట్టుకోలేనంత మురికి నీళ్ళలో కూడా గప్పీలు బతికేస్తాయి.

వేటాడే జంతువు రోజూ కొన్నిటిని తినేస్తుంటే, మిగిలినవాటిలో ఏం మారుతుంది? రంగు మారుతుందా? ఒంటి సైజు మారుతుందా? ఎంత వయసులో పిల్లలు పెట్టాలన్నది మారుతుందా? తిండి కోసం, జోడు కోసం తమలో తాము పోటీ పడే తీరు మారుతుందా? పరభక్షణ అనగానే పాఠ్యపుస్తకంలో పులి, జింక బొమ్మ వేసి వదిలేస్తారు. పులి జింకను తింటుందని అందరికీ తెలుసు. తప్పించుకున్న జింకల మధ్య తర్వాత ఏం జరుగుతుందన్నది మాత్రం ఎవరూ అడగరు. నాకు అదే ముఖ్యమైన ప్రశ్న. దాన్ని ఇంట్లోనే, తక్కువ ఖర్చుతో చూపించడానికి గప్పీని మించిన జీవి నాకు తెలియదు.

దీనికి కావలసినవి: సన్నని వల, తెల్ల ట్రే, గ్రాఫ్ కాగితం, ఫోన్ కెమెరా, చేతి గ్లవ్స్, 3 ప్లాస్టిక్ టబ్బులు, ఒక నోట్‌బుక్. నీటి దగ్గర చేసే పని, టబ్బుల పని కలిపి 3 నెలల్లో అవుతుంది. చివరి అడుగు కూడా వేయాలనుకుంటే ఇంకో 6, 7 నెలలు ఓపిక పట్టాలి.

మొదలుపెట్టే ముందు: ట్రినిడాడ్ సెలయేళ్ళ కథ

ఈ భాగం దాటవేయకండి. ఏం కొలవాలో, ఎందుకు కొలవాలో ఇక్కడే తెలుస్తుంది.

గప్పీల సొంత ఊరు దక్షిణ అమెరికా ఈశాన్య తీరం, దాని పక్కనే ఉన్న ట్రినిడాడ్ దీవి. (మద్రాసు రేవు నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్ళినవాళ్ళు కొందరు చేరిన దీవి ఇది.) ట్రినిడాడ్ ఉత్తరాన ఒక కొండల వరుస ఉంది. అరిపో, గ్వానాపో, అరిమా లాంటి ఏర్లు అక్కడి నుంచే దిగుతాయి. దారిలో చిన్న చిన్న జలపాతాలు ఉంటాయి. కింది నీళ్ళలో పైక్ సిక్లిడ్ అనే వేటచేప తిరుగుతుంది, పెద్ద గప్పీలను కూడా మింగేస్తుంది. అది జలపాతం ఎక్కలేదు. జలపాతం పైన ఉండేది రివ్యులస్ అనే చిన్న చేప. అది ఎక్కువగా గప్పీ పిల్లల జోలికే పోతుంది, పెద్దవాటితో దానికి పెద్దగా పని ఉండదు. అంటే ఒకే ఏటిలో, కొద్ది దూరంలో, ఒకే జాతి చేప రెండు రకాల బతుకులు బతుకుతోంది.

కింద ఉండే మగచేపలకు చుక్కలు తక్కువ, చిన్నవి. పైన ఉండేవాటికి చుక్కలు ఎక్కువ, పెద్దవి, కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కారల్ హాస్కిన్స్, ఎడ్నా హాస్కిన్స్ అనే శాస్త్రవేత్తల జంట ఈ తేడాను గమనించి 1950ల నాటికే పనిచేశారు. అయితే తేడా కనిపించినంత మాత్రాన వేటచేపే కారణమని చెప్పలేం. పైన నీళ్ళు చల్లగా ఉండొచ్చు, వెలుతురు తక్కువ పడుతుండొచ్చు, తిండి వేరుగా ఉండొచ్చు.

జీవశాస్త్రవేత్త జాన్ ఎండ్లర్ దీన్ని తేల్చడానికి చేసిన పని చాలా సూటిగా ఉంటుంది. 1976లో అరిపో నది కింది భాగం నుంచి, పైక్ సిక్లిడ్లు ఉన్న చోటి నుంచి, సుమారు 200 గప్పీలను తీసుకెళ్ళి, గప్పీలే లేని ఒక పై పాయలో వదిలారు. అక్కడ ఉన్నది రివ్యులస్ ఒక్కటే. దాదాపు 2 ఏళ్ళ తర్వాత, అంటే గప్పీ లెక్కలో సుమారు 15 తరాల తర్వాత చూస్తే, మగచేపల మీద చుక్కలు పెరిగాయి, పెద్దవయ్యాయి. ప్రకృతి వరణానికి లక్షల ఏళ్ళు పడుతుందని చదువుకున్న మనం ఈ 2 ఏళ్ళ మాట దగ్గర కాస్త ఆగాలి.

ఎండ్లర్ గాజు ఇంట్లో కృత్రిమ కుంటలు కట్టి ఇంకో సంగతి కూడా చూశారు. కొన్ని కుంటల అడుగున పెద్ద రాళ్ళు, కొన్నిటిలో చిన్న రాళ్ళు పరిచారు. వేటచేప ఉన్న కుంటల్లో మగచేపల చుక్కలు తరాలు గడిచేకొద్దీ రాళ్ళ సైజుకు దగ్గరగా వచ్చాయి, అంటే అడుగుతో కలిసిపోయాయి. వేటచేప లేని కుంటల్లో సరిగ్గా తలకిందులు. అడుగున పెద్ద రాళ్ళుంటే చిన్న చుక్కలు, చిన్న రాళ్ళుంటే పెద్ద చుక్కలు, అంటే వీలైనంత కొట్టొచ్చినట్టు కనిపించేలా మారాయి. వేటచేప పక్కకు తప్పుకోగానే ఆడచేప కళ్ళు పెత్తనం తీసుకున్నాయి. మగచేప ఒంటి మీద ఈ రెండు ఒత్తిళ్ళు ఎప్పుడూ ఉంటాయి: ఆడచేపకు కనపడాలి, వేటచేపకు కనపడకూడదు.

ఇంకో జీవశాస్త్రవేత్త డేవిడ్ రెజ్నిక్ ఇదే ఏర్లలో రంగు వదిలి బతుకు తీరు మీద పడ్డారు. కింది గప్పీలు త్వరగా ఈడుకొస్తాయి, ఎక్కువ పిల్లల్ని పెడతాయి, పిల్లలు చిన్నగా ఉంటాయి. పైవి ఆలస్యంగా, పెద్ద ఒంటితో ఈడుకొచ్చి, తక్కువ పిల్లల్ని పెడతాయి, కానీ ఒక్కో పిల్ల పెద్దది. ఎండ్లర్ 1976లో మార్చిన చేపల వారసులను 11 ఏళ్ళ తర్వాత పరీక్షిస్తే అవి పైవాటిలా మారిపోయాయని 1990లో రెజ్నిక్, ఆయనతో పనిచేసినవాళ్ళు ప్రకటించారు.

ఎందుకిలా? మొదట అనుకున్న జవాబు తేలిక: కింద వేటచేప పెద్ద గప్పీలను తింటుంది, కాబట్టి పెద్దయ్యేలోగా పిల్లల్ని పెట్టెయ్యాలి. పైన రివ్యులస్ పిల్లల్ని తింటుంది, కాబట్టి పిల్ల పెద్దగా పుట్టాలి. చేపలకు గుర్తులు పెట్టి, వదిలి, మళ్ళీ పట్టి లెక్క చూస్తే ఈ జవాబు పూర్తిగా నిలబడలేదు. కింద అన్ని సైజుల చేపలూ ఎక్కువగానే చనిపోతున్నాయి, పైన అన్ని సైజులవీ తక్కువగానే చనిపోతున్నాయి. మరి మిగిలిన ముక్క ఏది? పోటీ. కింద వేటచేప రోజూ కొన్నిటిని తీసేస్తుంటుంది కాబట్టి మిగిలినవాటికి తిండి పుష్కలం, అవి గబగబా పెరుగుతాయి. పైన చేపలు కిక్కిరిసి ఉంటాయి, తిండి చాలదు. అక్కడ పెద్దగా పుట్టిన పిల్లే నెగ్గుకొస్తుంది. అంటే పైన రివ్యులస్ నోటికంటే, పక్కనున్న ఇంకో గప్పీ నోరే పెద్ద గండం. 2008, 2009లో రెజ్నిక్ బృందం మళ్ళీ నాలుగు ఏర్లలోకి గప్పీలను మార్చి, ఒక్కో చేపకు గుర్తు పెట్టి నెలనెలా పట్టి చూస్తే, మార్పు వేటచేప పోయిన వెంటనే కాకుండా, నీళ్ళు చేపలతో నిండిన తర్వాతే మొదలైంది.

మీరు చేయబోయే పనంతా ఈ ఒక్క మాట చుట్టూనే ఉంటుంది. వేటచేప ఎన్నిటిని తిన్నదన్నది సగం లెక్కే. మిగిలినవాటి మధ్య పోటీని అది ఎంత తగ్గించిందన్నది రెండో సగం.

అడుగు 1: రెండు నీళ్ళు వెతకండి

ఒకచోట గప్పీలతో పాటు వేటాడే చేపలు ఉండాలి, రెండోచోట ఉండకూడదు. ఊరి చెరువు అంచున గడ్డిలో గప్పీలు ఉంటే అది మొదటి రకం. వాడకంలో లేని సిమెంటు తొట్టి, గుడి కోనేరు, పాత బావి, పార్కులో ఫౌంటెన్ కుంట రెండో రకం కావచ్చు. రెండింటిలోనూ ఎండ పడే తీరు, నీటి అడుగు రంగు వీలైనంత ఒకేలా ఉంటే మీ పని తేలిక.

చెరువు మత్స్యకారుల సహకార సంఘం చేతిలో ఉంటే ముందు వాళ్ళను అడగండి. అడిగితే అనుమతి ఒక్కటే కాదు, ఆ చెరువులో ఏ చేపలున్నాయో చక్కగా చెబుతారు. మురుగు కాలువల జోలికి వెళ్ళకండి, గప్పీలు ఎన్ని ఉన్నా సరే. బావి దగ్గరికి, చెరువు గట్టుకు పిల్లలు ఒంటరిగా వెళ్ళకూడదు. ఒక నీటిలో పట్టిన చేపను ఇంకో నీటిలో ఎప్పుడూ వదలకండి. ఎండ్లర్ చేసిన పని మనం ఇక్కడ చేయకూడదు. గప్పీ మన దేశపు చేప కాదు, కొత్త నీళ్ళలో పడితే అక్కడి చిన్న చేపలకు నష్టం చేస్తుంది.

అడుగు 2: ఎవరు ఎవరిని తింటున్నారో పట్టిక రాయండి

చెరువులో చేపలున్నాయి కాబట్టి వేట ఉన్నట్టే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. బొచ్చె, రవ్వు గప్పీలను వెంటాడవు. కొర్రమీను, వాలుగ వెంటాడతాయి. ఒక్క కొర్రమీను చిన్న కుంట మొత్తాన్ని మార్చేయగలదు.

చేపల దగ్గరే ఆగకండి. తూనీగ పిల్లలు నీళ్ళ అడుగున ఉండి గప్పీ పిల్లల్ని పట్టుకుంటాయి. చేపలే లేని సిమెంటు తొట్టిలో కూడా ఇవి ఉంటాయి, కాబట్టి వేట లేని నీళ్ళు దొరకడం కష్టమే. ట్రినిడాడ్ పై ఏర్లలో రివ్యులస్ ఉన్నట్టు, మీ తొట్టిలో తూనీగ పిల్లలు. పైనుంచి లకుముకి పిట్ట, కొంగ. పక్కనుంచి నీటిపాము, కప్ప.

ఒక్కో వేటజీవి పేరు పక్కన మూడు సంగతులు రాయండి: అది ఏ సైజు గప్పీని తింటుంది, పగలా రాత్రా, కంటితో వెతుకుతుందా లేక ఒడుపుగా కాచుకుంటుందా. కంటితో వెతికేది చుక్కల మీద ఒత్తిడి పెడుతుంది. చీకట్లో తినేదానికి చుక్కలతో పనిలేదు. పైనుంచి చూసే లకుముకికి కనిపించే గప్పీ వేరు, పక్కనుంచి చూసే కొర్రమీనుకు కనిపించే గప్పీ వేరు. మగచేప అలంకారం పక్కల మీద ఉంటుంది, వీపు మీద ఉండదు.

ఒక్కో చోట కనీసం మూడు సార్లు, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అరగంట చొప్పున కూర్చుంటే పట్టిక నిండుతుంది.

అడుగు 3: పట్టండి, ఫోటో తీయండి, వదిలేయండి

ఒక్కో నీటి నుంచి కనీసం 30 పెద్ద మగచేపలు, 30 ఆడచేపలు కావాలి. మగచేపను గుర్తించడం తేలిక: రంగు ఉంటుంది, కింది రెక్క సన్నగా పుల్లలా మారి ఉంటుంది. ఆడచేప పెద్దది, పొట్ట దగ్గర నల్లని మరక కనిపిస్తుంది.

వల ఎక్కడ పడితే అక్కడ వేస్తే నెమ్మదిగా ఉన్నవి, తెగించినవి మాత్రమే దొరుకుతాయి. అంచున, మధ్యలో, గడ్డిలో సమానంగా వేయండి. ముందు ఏ చేప అందంగా ఉంటే దాని వెంట చెయ్యి వెళ్తుంది, ఆ తప్పు నేను కూడా చేశాను. వలలో పడ్డ ప్రతి మగచేపనూ లెక్కలోకి తీసుకోండి, రంగు వెలిసినవాటితో సహా.

ఫోటోకు సన్నని, పారదర్శకమైన డబ్బా వాడండి. చేప పక్కకు తిరిగి నిలబడేంత వెడల్పు మాత్రమే ఉండాలి. వెనుక గ్రాఫ్ కాగితం అతికిస్తే తర్వాత కొలతలు ఫోటో నుంచే తీయొచ్చు. ఫ్లాష్ వద్దు, ఎండలో వద్దు, నీడలో ఒకే చోట అన్నీ తీయండి. ఒక్కో చేప డబ్బాలో నిమిషం కంటే ఎక్కువ ఉండకూడదు. మూతి నుంచి తోక మొదలయ్యే చోటు వరకు పొడవు కొలవండి, తోక రెక్క కలపకండి. రెక్కలు చిరిగిపోతుంటాయి.

చుక్కల విషయంలో ఒక జాగ్రత్త. గప్పీ మగచేప నల్ల మచ్చలు కొన్ని కొద్ది నిమిషాల్లోనే ముదురుతాయి, వెలుస్తాయి. భయపడ్డ చేపకు, ఆడచేప వెంటపడుతున్న చేపకు నలుపు ఒకేలా ఉండదు. అందుకే నలుపును వేరే గడిలో రాసి, మీ ముఖ్యమైన లెక్క నారింజ చుక్కల మీద, నీలం, ఆకుపచ్చ మెరుపుల మీద పెట్టుకోండి. చుక్కల సంఖ్య, అన్నిటికంటే పెద్ద చుక్క వెడల్పు, ఒంటిలో నారింజ ఎంత భాగం, ఈ మూడు చాలు.

ఫోటోలకు నంబర్లు వేసి కలిపేసి, ఏది ఏ నీటిదో తెలియని స్నేహితుడి చేత కొలిపించండి. ఏది చెరువు చేపో తెలిస్తే కన్ను మనకు కావలసినదే చూస్తుంది.

అడుగు 4: సగటు ఒక్కటే చూడకండి, చెదురు చూడండి

రెండు నీళ్ళ సగటులు పోల్చగానే పని అయిపోయిందనిపిస్తుంది. కాలేదు. ఒకే జాతిలోని తేడాల గురించి మాట్లాడుతున్నాం కాబట్టి, ఒక నీటిలోని చేపలు ఒకదానికొకటి ఎంత వేరుగా ఉన్నాయన్నది ముఖ్యం. ప్రతి కొలతకూ సగటుతో పాటు ప్రామాణిక విచలనం (కొలతలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) తీయండి. ఫోన్‌లోని స్ప్రెడ్‌షీట్ చేసేస్తుంది. లెక్కలంటే భయమైతే గ్రాఫ్ కాగితం మీద ఒక్కో చేపకు ఒక్కో చుక్క పెట్టండి, చెదురు కంటికే కనిపిస్తుంది.

వేట ఈ చెదురును తగ్గించాలా పెంచాలా? రెండూ జరుగుతాయి. కొట్టొచ్చినట్టున్న చేపలను ముందు తినేస్తుంటే మిగిలినవన్నీ ఒకేలా మసకగా ఉంటాయి, చెదురు తగ్గుతుంది. కానీ వేటచేప కన్ను అలవాటు పడే కన్ను. ఎక్కువగా కనిపించే రూపాన్ని వెతకడం త్వరగా నేర్చుకుంటుంది, అరుదైన రూపాన్ని చూసినా పట్టించుకోదు. 2006లో ప్రచురించిన ఒక పరిశోధనలో ట్రినిడాడ్ మడుగుల్లో రంగు రూపాల పాళ్ళు కావాలనే మార్చి చూశారు. ఏ మడుగులో ఏ రూపం అరుదుగా ఉందో, అక్కడ ఆ రూపమే ఎక్కువగా బతికింది. నిన్న మామూలుగా ఉన్న రూపం రేపు అరుదైపోతే దానికి రక్షణ దొరుకుతుంది. ఇలా ఏ రూపమూ పూర్తిగా గెలవదు, ఏదీ పూర్తిగా పోదు. దీనికి తోడు ఆడచేపలు కూడా కొత్తగా, అరుదుగా కనిపించే మగచేపల వైపు మొగ్గుతాయి.

అందుకే ఒక మడుగులో ఏ రెండు మగ గప్పీలూ ఒకేలా ఉండవు. నాకు ఈ జాతిలో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

(కరివేపాకు, నిమ్మ చెట్ల మీద పిల్లల్ని పెంచే నల్ల సీతాకోకచిలుక, కామన్ మార్మన్, ఇంకో మంచి ఉదాహరణ. దాని ఆడవి ఒకే జాతిలో మూడు రూపాల్లో ఉంటాయి. ఒకటి మగదానిలా, మిగతా రెండు పక్షులు తినని రెండు ఎర్రచుక్కల సీతాకోకచిలుకలను పోలి ఉంటాయి. ఇంట్లో కరివేపాకు చెట్టు ఉంటే చూస్తూ ఉండండి.)

అడుగు 5: మగచేపల మధ్య పోటీని గడియారం పెట్టి చూడండి

గప్పీ మగచేపకు జోడు కట్టడానికి రెండు దారులు. మొదటిది, ఆడచేప ముందు ఒంటిని ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంచి, రెక్కలు విప్పి వణకడం. ఆడచేప ఒప్పుకుంటేనే పని జరుగుతుంది. రెండోది, వెనుక నుంచి చప్పున దూరి బలవంతంగా ప్రయత్నించడం. మొదటిదానికి సమయం కావాలి, ఒంటి మీద చూపు పడుతుంది. వేటచేప చుట్టూ తిరుగుతుంటే అలా నాట్యం చేయడం ప్రమాదం. ట్రినిడాడ్‌లో వేట ఎక్కువ ఉన్న నీళ్ళలో మగచేపలు రెండో దారిని ఎక్కువగా పడతాయి.

గట్టున కదలకుండా కూర్చోండి. పది నిమిషాలు మీకు చేపలు అలవాటు పడనివ్వండి. తర్వాత ఒక మగచేపను ఎంచుకుని 5 నిమిషాలు దాన్నే చూడండి. నాట్యం ఎన్నిసార్లు, దొంగదూకుడు ఎన్నిసార్లు, ఇంకో మగచేపను తరమడం ఎన్నిసార్లు, తిండి కొరకడం ఎన్నిసార్లు, నాలుగు గీతల పట్టిక చాలు. ఒక్కో నీటిలో 20 మగచేపలు చూడండి. తెల్లవారగానే వెళ్తే మంచిది, మసక వెలుతురులో నాట్యం ఎక్కువ ఉంటుంది. రెండు నీళ్ళనూ ఒకే వేళకు చూడాలి, లేకపోతే వేళ తేడానే వేట తేడా అనుకుంటారు.

గుంపు కట్టడం కూడా రాసుకోండి. వేట ఉన్నచోట గప్పీలు దగ్గరదగ్గరగా గుంపుగా తిరుగుతాయి. వేట లేనిచోట విడివిడిగా ఉంటాయి, తిండి దగ్గర ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. బయటి శత్రువు లేని చోట ఇంటి గొడవలు పెరిగినట్టు.

అడుగు 6: మీరే వేటచేప అవ్వండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన అడుగు. దీనికి చెరువు చేపలు అక్కర్లేదు, అక్వేరియం కొట్టులో కొన్న గప్పీలు చాలు. మూడు నాలుగు గర్భంతో ఉన్న ఆడచేపలను తెచ్చుకుంటే 3, 4 వారాల్లో పిల్లల్ని పెడతాయి. గప్పీ గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే పెడుతుంది. పెట్టిన వెంటనే తల్లులను వేరు చేయండి, లేకపోతే అవే పిల్లల్ని తినేస్తాయి.

2, 3 వారాల వయసున్న 36 పిల్లలను అన్ని తల్లులవీ కలిపేసి, 20 లీటర్ల టబ్బులు మూడింటిలో 12 చొప్పున వేయండి. కుళాయి నీళ్ళైతే ముందు రోజే పట్టి మూత లేకుండా ఉంచండి, క్లోరిన్ పోతుంది. మూడు టబ్బుల్లోనూ ఒకే మొక్క, ఒకే నీడ. మన ఎండాకాలంలో డాబా మీద పెడితే నీళ్ళు ఉడికిపోతాయి, కాబట్టి వరండాలో పెట్టండి.

తిండి విషయంలోనే అందరూ పప్పులో కాలేస్తారు. చేపకు ఇంత అని కాదు, టబ్బుకు ఇంత అని వేయాలి. ప్రతి టబ్బుకూ రోజూ సరిగ్గా ఒకే కొలత. చిన్న చెంచా ఒకటి దానికే కేటాయించండి. కొలత కాస్త తక్కువే ఉండాలి, రెండు మూడు నిమిషాల్లో అయిపోవాలి. తిండి మిగిలిపోతే పోటీయే ఉండదు.

మొదటి టబ్బును ముట్టుకోకండి. రెండో టబ్బులోంచి వారానికోసారి కళ్ళు మూసుకుని వల తిప్పి 2 చేపలను తీసి ఇంకో పాత్రలోకి మార్చండి. మీరు వేటచేప, కానీ ఏ చేపా చావనక్కర్లేదు. మూడో టబ్బులో అంతే సేపు వల తిప్పి, పట్టిన 2 చేపలనూ తిరిగి అందులోనే వదలండి. నాలుగు వారాలకు మొదటిదాంట్లో 12, రెండోదాంట్లో 4, మూడోదాంట్లో 12 ఉంటాయి. వారం వారం అన్నిటినీ ఫోటో తీసి పొడవు కొలవండి.

ఇప్పుడు పోల్చండి. రెండో టబ్బు చేపలు మూడో టబ్బు చేపలకంటే ఎంత ఎక్కువ పెరిగాయో, అది పోటీ తగ్గడం వల్ల వచ్చిన లాభం, ఎందుకంటే వల భయం ఆ రెండు టబ్బులకూ ఒకటే. మూడో టబ్బు చేపలు మొదటివాటికంటే తక్కువ పెరిగితే, అది భయం ఖరీదు: వలకు బెదిరి దాక్కున్న సమయంలో తినలేదు. అసలైన వేటచేప ఈ రెండు పనులూ ఒకేసారి చేస్తుంది. కొన్నిటిని తీసేసి మిగిలినవాటికి తిండి పెంచుతుంది, భయపెట్టి ఆ తిండిని తిననివ్వదు. చెరువులో ఈ రెండింటినీ విడదీయలేం, టబ్బుల్లో విడదీయొచ్చు.

కిక్కిరిసిన టబ్బులో ఇంకో సంగతి చూడండి. పుట్టినప్పుడు ఒకే సైజులో ఉన్న పిల్లల్లో ఒకటి రెండు ముందుకొచ్చి తిండి లాక్కుంటూ పెద్దవవుతాయి, కొన్ని మూలన చిక్కిపోతాయి. నాలుగో అడుగులో మాట్లాడిన చెదురు ఇక్కడ మీ కళ్ళముందే పుడుతుంది. జన్యువులు వేరైతేనే తేడాలు వస్తాయని లేదు, పోటీ కూడా తేడాలను తయారు చేస్తుంది.

పెద్ద చేపలనే ఏరి తీస్తే ఇంకా బాగుంటుంది కదా అని చాలామంది అడుగుతారు. తీయొద్దు. పెద్దవి తీసేస్తే మిగిలిన ప్రతి చేపా పెరిగినా సగటు మాత్రం తగ్గినట్టే కనిపిస్తుంది. అందుకే కళ్ళు మూసుకోమన్నాను.

ఒక్కసారి చేసి నమ్మకండి. ఒక టబ్బులో నీళ్ళు పాడైతే కథ మారిపోతుంది. నలుగురు స్నేహితులు నాలుగు ఇళ్ళలో ఇదే పద్ధతిలో చేసి లెక్కలు కలిపితే దానికి బలం వస్తుంది.

ఇంట్లో కొర్రమీనును తెచ్చి గప్పీల మధ్య వదిలి చూడాలన్న సరదా కొందరికి ఉంటుంది. దానివల్ల పైన చెప్పినదానికంటే కొత్తగా తెలిసేదేమీ లేదు. చేపలను బలిపెట్టకండి.

అడుగు 7: పుట్టుకతో వచ్చిందా, పెంపకంతో వచ్చిందా?

చెరువు మగచేపలకు నారింజ తక్కువని తేలిందనుకోండి. వెంటనే వేట వల్లే అనకండి. నారింజ రంగుకు కావలసిన కెరోటినాయిడ్లను గప్పీ ఒంట్లో తయారు చేసుకోలేదు, నాచు లాంటి తిండి నుంచి తెచ్చుకోవాలి. నీడ ఎక్కువ ఉన్న నీళ్ళలో నాచు తక్కువ, నారింజ పేలవం. తిండి, వెలుతురు, వేట మూడూ ఒకే చుక్క మీద సంతకం చేస్తాయి.

దీన్ని విడదీయాలంటే రెండు నీళ్ళ నుంచి ఆడచేపలను విడివిడిగా తెచ్చి, ఇంట్లో ఒకే తిండితో పెంచి, పిల్లలను కాకుండా మనవళ్ళను కొలవాలి. మొదటి తరం పిల్లల మీద తల్లి తిన్న తిండి ప్రభావం ఉంటుంది, రెండో తరానికి అది చాలావరకు వదిలిపోతుంది. రెజ్నిక్ కూడా రెండో తరాన్నే పోల్చారు. ఇక్కడ మాత్రం తిండి టబ్బుకు ఇంత అని కాదు, చేపకు ఇంత అని వేయాలి. ఆరో అడుగుకు ఇది పూర్తిగా తలకిందులు, ఎందుకంటే ఇప్పుడు పోటీని తీసేసి చూస్తున్నాం.

నాలుగో వారం నుంచే ఆడ, మగ పిల్లలను వేరు చేయాలి. ఆలస్యమైతే అన్నాచెల్లెళ్ళు జోడు కడతాయి. ఒకసారి జోడు కట్టిన ఆడచేప ఆ బీజాన్ని నెలల తరబడి దాచుకుంటుంది, తర్వాత మీరు ఏ మగచేపతో కలిపినా తండ్రి ఎవరో తెలియదు. ఒక్కో ఆడచేప మొదటిసారి పిల్లలు పెట్టిన వయసు, పిల్లల సంఖ్య, పుట్టినరోజు పిల్లల పొడవు రాయండి. వేట ఉన్న నీటి చేపలు త్వరగా, ఎక్కువగా, చిన్న పిల్లలను పెడితే ట్రినిడాడ్ తీరు మీ ఊళ్ళో కూడా కనిపించినట్టు.

కనిపించకపోవచ్చు. మన నీళ్ళలో గప్పీలు ఎవరో తెచ్చి వదిలిన కొద్ది చేపల సంతానం. వదిలినవాటిలో ఏ తేడాలు ఉన్నాయో వాటిలోంచే ఎంపిక జరగాలి. మీ తొట్టిలోకి వచ్చిన చేపలు, చెరువులోకి వచ్చిన చేపలు మొదటినుంచీ వేరువేరు సంతతి కూడా కావచ్చు. అందుకే వీలైతే ఒక్కో రకం నీళ్ళు రెండు మూడు చోట్ల చూడమంటాను. మూడు వేట నీళ్ళు ఒక పక్క, మూడు వేట లేని నీళ్ళు ఇంకో పక్క తేలితే అప్పుడు గట్టిగా మాట్లాడొచ్చు. ఈ అడుగుకు కొట్టు చేపలు పనికిరావు. వాటి పెద్ద తోకలు, ముదురు రంగులు పెంపకందారు ఎంపిక చేసినవి. ఏ వేటచేప కంటా పడకుండా పెరిగిన వంశాలు అవి.

పని అయ్యాక చేపలను ఏం చేయాలి

చెరువు నుంచి తెచ్చినవాటిని, ఇంట్లో పుట్టినవాటిని, కొట్టు చేపలను దేన్నీ చెరువులో, బావిలో, కాలువలో వదలకండి. తెచ్చిన చోటే వదిలినా సరే, ఇంటి టబ్బులో అంటుకున్న జబ్బు అక్కడికి చేరుతుంది. నీటి దగ్గరే ఫోటో తీసి అప్పటికప్పుడు వదిలినవాటికి ఈ ఇబ్బంది లేదు. మిగిలినవాటిని ఒక పెద్ద తొట్టిలో ఉంచుకోండి, లేదా అక్వేరియం పెంచే స్నేహితులకు, బడికి ఇచ్చేయండి. పిల్లలు పెరిగిపోతుంటే ఆడ, మగ వేరు చేయండి, కానీ ముందే జోడు కట్టిన ఆడచేపలు ఇంకొన్ని నెలలు పిల్లల్ని పెడుతూనే ఉంటాయి, దానికి ఒక టబ్బు ఖాళీగా ఉంచుకోండి. వల, ట్రే, డబ్బా బాగా కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టిన తర్వాతే ఇంకో నీటి దగ్గరికి తీసుకెళ్ళండి.